పద్నాలుగు పేర్ల చీటీ

ఎనాక్ పెల్ చేతిరాత చూసినవాళ్ళు ముందు రాతను మెచ్చుకునేవారు, తరవాత మనిషిని చూసి కాస్త నిరాశపడేవారు. అక్షరం నిటారుగా, నిండుగా ఉండేది. మనిషి మాత్రం సన్నగా, ఒక భుజం వంగిపోయి, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పబోతున్నట్టు ఉండేవాడు. ఆ చేతిరాతే అతనికి నలభై ఏళ్ళకు పైగా తిండి పెట్టింది. అదే అతని చేత ఒక పెద్ద తప్పు చేయించింది. ఆ తప్పును పదకొండేళ్ళు కడుపులో దాచుకుని బతికాడు. దాన్ని ఎలా కక్కాడో చెప్పడానికే ఇదంతా.

పుట్టింది లండన్‌లో. పదకొండో ఏట తల్లిదండ్రులు ఓడ ఎక్కించి వర్జీనియా పంపేశారు. అక్కడ ఒక భూస్వామి మొక్కల గురించి పెద్ద గ్రంథం రాస్తున్నాడు. చూపు మందగించింది. రాసిపెట్టడానికి ఒక మంచి చెయ్యి కావలసి వచ్చింది. ఏడేళ్ళ ఒప్పందం మీద ఎనాక్‌ను తెచ్చుకున్నాడు. ఆ పొలాల్లో పనిచేసే నల్లవాళ్ళకు ఏడేళ్ళూ లేవు, ఒప్పందమూ లేదు. ఎనాక్ కిటికీలోంచి అదంతా చూసేవాడు. చూసి ఊరుకున్నవాళ్ళలో అతనూ ఒకడు. మంచివాడే, కానీ ఊరుకోవడం అతనికి చిన్నప్పుడే అలవాటయింది. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు తేలిక.

ఆ ముసలాయన ఒక సంగతి మాత్రం గట్టిగా నేర్పాడు. ఎప్పుడూ అసలు కాగితం ముందు పెట్టుకునే నకలు రాయాలి. నకలు చూసి నకలు రాయకూడదు. మొదటిదాంట్లో దొర్లిన తప్పు రెండోదాంట్లో ఒప్పయి కూర్చుంటుందని అనేవాడు.

ఒప్పందం తీరాక ఎనాక్ కోర్టుల్లో గుమాస్తాగిరీ చేశాడు. స్వాతంత్ర్య యుద్ధం అయిపోయి, దేశం కొత్తగా నిలబడి, ఫిలడెల్ఫియాలో సభ కూర్చున్నప్పుడు ప్రతినిధుల సభ కచేరీలో చేరాడు. సభ చేసిన చట్టాలను తోలు కాగితం మీద చక్కగా దించడం అతని పని. టోపీలు కుట్టే ఒకాయన కూతురు టాబితాను పెళ్ళాడాడు. పిల్లలు కలగలేదు. ఆవిడకు నోరు ఎక్కువ, అతనికి తక్కువ. సంసారం సరిగ్గా సరిపోయింది.

అతనికున్న దురలవాటు ఒక్కటే, రాజకీయం. తాగడు, పేకాడడు, కానీ ఏ జిల్లాలో ఎవరు ఎటు మొగ్గుతారో రాత్రీ పగలూ లెక్కవేస్తుండేవాడు. ఒకసారి వార్డు సభ్యుడిగా నిలబడి గెలిచాడు, మరోసారి నిలబడి ఓడిపోయాడు. నిలబడి మాట్లాడాలంటే నాలుక పిడచకట్టుకుపోయేది. అందుకని మాట్లాడేవాళ్ళ వెనక నిలబడి కాగితాలు అందించే పని ఎంచుకున్నాడు. అతని నాయకుడు హెక్టర్ టాల్‌మన్ అని, నిండైన మనిషి, గొంతు వీధి చివరికి వినపడేది. రైతుల పక్షం గెలవాలని టాల్‌మన్ అరిచేవాడు. గెలవాలని ఎనాక్ లోలోపల కోరుకునేవాడు.

పదిహేడువందల తొంభై ఆరులో దేశాధ్యక్షుడి ఎన్నిక వచ్చింది. పెన్సిల్వేనియాలో ఓటరు అధ్యక్షుడి పేరు రాయడు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే పదిహేనుమంది పెద్దల పేర్లు చీటీ మీద రాసి పెట్టెలో వెయ్యాలి. అచ్చు వేసిన చీటీ చెల్లదు, చేత్తో రాసిందే చెల్లుతుంది. పదిహేనుమంది పేర్లు ఏ రైతుకు గుర్తుంటాయి? అందుకని టాల్‌మన్ ఒక ఉపాయం పన్నాడు. రాత వచ్చినవాళ్ళందరి చేతా వేలకొద్దీ చీటీలు రాయించి, గుర్రాల మీద కొండల అవతలి పల్లెలకు పంపి, ఇంటింటికీ పంచిపెట్టడం. చీటీ అందుకున్నవాడు దాన్ని మడిచి పెట్టెలో వేస్తే చాలు.

సభ గుమాస్తా ఏ పక్షానికీ పనిచేయకూడదు. ఎనాక్ ఆ సంగతి ఎరిగే చేశాడు. ఇరుగుపొరుగు కంటపడకుండా, ఆదివారం అందరూ చర్చికి వెళ్ళినప్పుడు తలుపు వేసుకుని రాసేవాడు. టాబితా పక్కన కూర్చుని పేర్లు చదివేది.

"దేవుడి వేళలో నాయకుల పేర్లు చదువుతున్నాను. పైన నా ఖాతా ఏమవుతుందో," అనేది.

"దేవుడు కూడా మనవాళ్ళ పక్షమేలే," అనేవాడు ఎనాక్. అతను హాస్యమాడడం ఆ రోజుల్లోనే.

అక్టోబరు చివరి ఆదివారం అసలు జాబితా ఇంట్లో లేదు. వెనక వీధి బడిపంతులు కూడా చీటీలు రాస్తున్నాడు. అతని జాబితా మీద సిరా ఒలికిందని అడిగితే, ఎనాక్ తనది ఇచ్చి పంపాడు. ముందు ఆదివారం తాను రాసిన చీటీ ఒకటి ఎదురుగా పెట్టుకుని కొత్తది మొదలుపెట్టాడు. టాబితా పొయ్యి మీది పులుసు కలపడానికి లేచి వెళ్ళింది. తొమ్మిదో పేరు రాస్తుండగా చర్చి గంట మోగింది. ఎనాక్ తలెత్తి కిటికీ వైపు చూశాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ తల దించేసరికి చూపు ఒక గీత కిందికి దిగింది. పదో పేరు దాటిపోయి పదకొండోది రాశాడు. ఆ చీటీ మిగతావాటికన్నా అందంగా వచ్చిందని, దాన్నే ఎదురుగా పెట్టుకుని ఆ రోజంతా రాశాడు. సాయంత్రానికి రెండువందల చీటీలు అయ్యాయి. అన్నీ ఒకే కట్టగా కట్టి, ఒకే లోయకు పంపారు.

రాష్ట్రంలో రైతుల పక్షం గెలిచింది. పదిహేనుమందిలో పద్నాలుగుమంది నెగ్గారు. పదోవాడు యోస్ట్ రైమర్, కొండల లోయలో పిండిమర నడిపే జర్మన్ రైతు, ఎనభై మూడు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. అతని సొంత లోయలోనే అతనికి ఓట్లు పడలేదు.

"చూశావా?" అన్నాడు టాల్‌మన్. "పక్కింటివాడు పైకి వస్తుంటే ఓర్వలేకపోయారు. మనవాళ్ళందరికీ వేసి, సొంత మనిషిని వదిలేశారు. ఆ లోయవాళ్ళని ఇంక నమ్మేది లేదు."

ఎనాక్‌కు ఏదో తట్టింది. ఇంటికి వెళ్ళి బల్ల సొరుగు వెతికాడు. ఆ ఆదివారం మిగిలిపోయిన చీటీ ఒకటి దొరికింది. వేలు పెట్టి లెక్కపెట్టాడు. పద్నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాడు. టాబితా వచ్చి అతని మొహం చూసి, చీటీ లాక్కుని, తనూ లెక్కపెట్టింది.

"నువ్వు రాసింది రెండువేలు. అందులో రెండువందల్లో ఒక పేరు తక్కువైంది. మనిషివి, చెయ్యి అలిసిపోయి ఉంటుంది," అంది.

"టాల్‌మన్‌కి చెప్పొస్తాను."

"చెప్పి? నువ్వు రాసినట్టు బయటపడుతుంది. సభలో ఉద్యోగం పోతుంది. మిల్లాయన గెలుస్తాడా? గెలవడు. పద్నాలుగుమంది నెగ్గారుగా, ఇక ఊరుకో."

అతను ఊరుకున్నాడు. నేను టాబితాను తప్పుపట్టను. ఆవిడ తన ఇంటిని కాపాడుకుంది. ఎనాక్ మాత్రం ఆ రోజునుంచి నోరు విప్పి హాస్యమాడలేదు.

కాపాడుకున్న ఉద్యోగం ఎలాగూ నిలవలేదు. మరుసటి వసంతంలో కొత్త సభ కూర్చుని, పెద్ద గుమాస్తాను ఎన్నుకోవడానికి ఓట్లు వేసింది. ఎనాక్ పైఅధికారి ఒక్క ఓటుతో ఓడిపోయాడు. రైతుల పక్షంవాళ్ళు ఇద్దరు అల్పాహారం బాగా కుదిరిందని బసలోనే కూర్చుండిపోయారు. పెద్దాయనతో పాటు కింది గుమాస్తాలూ పోయారు. నాలుగేళ్ళు ఎనాక్ ఊళ్ళో దస్తావేజులు రాసుకుంటూ, వంకాయరంగు తిరిగిన ఒకే కోటుతో గడిపాడు.

తరవాత రోజులు తిరిగాయి. రైతుల పక్షం దేశమంతా గెలిచింది. రాజధాని పోటోమాక్ నది ఒడ్డున బురదలోకి మారింది. టాల్‌మన్ ప్రతినిధుల సభ సభ్యుడయ్యాడు. సభకంటూ ఒక పుస్తకాల గది పెట్టాక, రోజువారీగా దాన్ని చూసుకునే మనిషి కావలసి వచ్చింది. టాల్‌మన్ విందులో లేచి, ఎనాక్ కుడిచెయ్యి పట్టుకుని సంతలో కోడిని చూపినట్టు పైకెత్తాడు.

"ఆ చీటీలు రాసిన చెయ్యి ఇదే," అన్నాడు. "ఈ చేతికి మనం రుణపడి ఉన్నాం."

అందరూ బల్లలు చరిచారు. ఎనాక్ తల దించుకున్నాడు. వినయం అనుకున్నారు.

ఆ గది మీద అతనికి పుట్టిన ప్రేమ చెబితే మీరు నవ్వుతారు. సభాభవనం సగమే కట్టారు. వాన వస్తే నడవలో బకెట్లు పెట్టాలి. ఆ గదిలో మాత్రం పొయ్యి ఉంది, పొడవాటి కిటికీలు ఉన్నాయి, లండన్ నుంచి పెట్టెల్లో వచ్చిన పుస్తకాలు వెయ్యి దాకా ఉన్నాయి. వాటిని విషయాన్ని బట్టి కాక ఎత్తును బట్టి సర్దేవారు, పెద్దవి కింద, చిన్నవి పైన. పెద్ద పుస్తకం మూడు వారాలు ఇంటికి తీసుకెళ్ళవచ్చు, మధ్యరకం రెండు, చిన్నది ఒకటే వారం. చిన్న పుస్తకాన్ని తొందరగా చదివేయవచ్చని సభ నమ్మకం. ఎనాక్ ఆ నియమాన్ని గుడ్డిగా పాటించేవాడు. సెనేటరు అయినా సరే ఒక్కరోజు ఆలస్యమైతే బసకు వెళ్ళి తలుపు తట్టేవాడు. అక్షరాన్ని ప్రేమించేవాడికి అక్షరాలతో నిండిన గది దొరికింది. ఇంకేం కావాలి? కానీ ఆ గది తాళంచెవి జేబులో పడినప్పుడల్లా అది ఎందుకు వచ్చిందో గుర్తొచ్చేది.

పద్దెనిమిదివందల ఏడు డిసెంబరులో ఒకాయన ఆ గదిలోకి వచ్చాడు. వెడల్పాటి భుజాలు, పిండి ఇంకిపోయినట్టు తెల్లబడిన కనుబొమలు. టోపీ తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇక్కడ కాసేపు కూర్చోవచ్చా అండీ? నడవలో మోకాళ్ళు పట్టేస్తున్నాయి. మా లోయకు బండిరోడ్డు కావాలని అర్జీ తెచ్చాను. రోడ్ల సంఘం వాళ్ళు రేపు రమ్మంటారు, రేపు వెళితే ఎల్లుండి అంటారు."

"కూర్చోండి. పేరు?" అన్నాడు ఎనాక్, వచ్చినవాళ్ళ పుస్తకం తెరుస్తూ.

"యోస్ట్ రైమర్."

ఎనాక్ కలం ఆగిపోయింది. వేలసార్లు రాయవలసిన పేరు అది. రెండువందలసార్లు రాయలేదు. నెమ్మదిగా రాశాడు. రెండు మాటలు రాయడానికి ఇంతసేపా అన్నట్టు రైమర్ చూశాడు.

అర్జీ కదలలేదు. రైమర్ రోజూ వచ్చి కూర్చునేవాడు. పిండిమరల బొమ్మలున్న పెద్ద పుస్తకం ఒకటి ఎనాక్ అతనికి తీసి ఇచ్చాడు. సభ్యుడు కానివాడికి ఇంటికి ఇవ్వకూడదు, గదిలో చూసుకోనివ్వవచ్చు. రైమర్ చక్రాల బొమ్మల మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివేవాడు. మధ్యాహ్నం సంచిలోంచి నల్ల రొట్టె, పొగబెట్టిన మాంసం తీసి, సగం కోసి ఎనాక్ ముందు పెట్టేవాడు. పుస్తకాల దగ్గర తినకూడదని ఎనాక్ పెట్టిన నియమమే. దాన్ని ఎనాక్ మొదటిసారి తప్పాడు. పొయ్యి దగ్గర ఇద్దరూ నిలబడి తినేవారు.

ఆరో రోజున అర్జీ ఎందుకు కదలడం లేదో తెలిసింది. రోడ్ల సంఘంలో టాల్‌మన్ ఉన్నాడు.

"మీ లోయవాళ్ళకి రోడ్డెందుకు, సొంతవాళ్ళకే ఓటెయ్యనివాళ్ళకి అన్నాడట ఆయన," అన్నాడు రైమర్. గొంతులో కోపం లేదు. "నిజమే అన్నాడు. ఆ ఓట్లు పడనివాణ్ణి నేనే."

ఎనాక్ పొయ్యిలో ఒక కట్టె వేశాడు.

"ఇంకెప్పుడూ ఓటుకు పోలేదండీ నేను," అన్నాడు రైమర్. "మా ఆవిడ ఓటిలియా ఆ చుట్టుపక్కల ఇళ్ళకు వెళ్ళడం మానేసింది. చర్చికి పన్నెండు మైళ్ళు బండి కట్టుకుని పక్క లోయకు వెళుతుంది. మన గుమ్మంలో నవ్వుతూ పిండి పట్టించుకుపోయి, ఓటు దగ్గర గొంతు కోశారంటుంది. నేను మాత్రం మర ఆపలేదు. పిండి అందరికీ కావాలిగా."

ఆ సాయంత్రం ఎనాక్ ఇంటికి వెళ్ళి కోటు విప్పకుండానే కూర్చున్నాడు. టాబితా మొక్కజొన్న రొట్టె, ఉప్పుచేప బల్ల మీద పెట్టింది. అతను తినలేదు. సంగతంతా చెప్పాడు. ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అయితే ఓడిపోవడం ఒక్కటే కాదన్నమాట," అంది చివరికి. "నేననుకున్నాను, ఆయన ఒక పదవి పోగొట్టుకున్నాడు, అంతే అని."

"నేనూ అలాగే అనుకున్నాను."

"చెబితే టాల్‌మన్ నిన్ను ఆ గదిలో ఉంచడు. లోయవాళ్ళది తప్పని పదకొండేళ్ళుగా ఊదరగొడుతున్నాడు. ఆయన మాట అబద్ధమవుతుంది. పైగా నువ్వు ఆ గదిలోకి వచ్చిందే ఆ చీటీల పేరు చెప్పుకుని."

"తెలుసు."

"నీకు అరవై దగ్గరపడుతోంది. మళ్ళీ దస్తావేజులు రాస్తావా?"

"రాయగలను. చెయ్యి బాగానే ఉంది."

టాబితా చేప పళ్ళెం అతని వైపు జరిపింది. "ఊరుకోమని ఆ రోజు చెప్పింది నేనే. ఈసారి చెప్పను. తిను ముందు," అంది.

మర్నాడు పొద్దున్నే టాల్‌మన్ గదికి వచ్చాడు. మర్యాదగా పుస్తకమేదో కావాలన్నట్టు అల్మారాల వైపు చూసి, "ఆ మిల్లాయన్ని నీ పొయ్యి దగ్గర కూర్చోబెడుతున్నావట," అన్నాడు. "నడవలోనే ఉంచవయ్యా. రెండు రోజులు వణికితే తనే ఇంటికి పోతాడు."

"ఆయనకు ఒక సంగతి చెప్పాలి," అన్నాడు ఎనాక్. చెప్పాడు. చీటీల సంగతి, గంట సంగతి, పద్నాలుగు పేర్ల సంగతి, అన్నీ ముందు టాల్‌మన్‌కే. మనుషుల ముందు నాలుక పిడచకట్టే మనిషి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

టాల్‌మన్ మొహంలో రంగులు మారాయి. తలుపు మూసి వచ్చి గొంతు తగ్గించాడు. ఆ గొంతు తగ్గడం ఎనాక్ అంతవరకూ వినలేదు.

"ఎనాక్, నువ్వు మంచివాడివి. మంచివాడు నోరు మూసుకుంటే ఇంకా మంచివాడు. రేపు కొత్త సభలో నా మాట మీదే నీ గది ఉంటుంది. పాత కాగితాలు తవ్వకు."

"అవి నా కాగితాలండీ," అన్నాడు ఎనాక్.

టాల్‌మన్ వెళ్ళిపోయిన పావుగంటకు రైమర్ వచ్చాడు. పుస్తకం తెరవబోతుంటే ఎనాక్ దాని మీద చెయ్యి పెట్టాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. నీళ్ళు నమలలేదు, తనను తాను వెనకేసుకు రాలేదు. జాబితా బడిపంతులుకు ఇచ్చానని మాత్రం చెప్పలేదు, ఎందుకంటే అది సాకులాగా వినిపిస్తుందని భయపడ్డాడు. టాబితా ఈ సంగతి విని తరవాత తిట్టింది.

రైమర్ విన్నాడు. చాలాసేపు తన రెండు చేతుల్నీ చూసుకున్నాడు.

"ఆ చీటీ నా చేతికీ వచ్చిందండీ," అన్నాడు. "ఓటు వేసే చోట, సత్రం మెట్ల మీద. విప్పి చూశాను. పద్నాలుగు పేర్లున్నాయి. నాది లేదు. పక్కవాడి చీటీ చూశాను, అదీ అంతే. లోపల బల్ల మీద సిరాబుడ్డి, కలం ఉన్నాయి. ఎవరైనా రాసుకోవచ్చు."

"మరి ఎందుకు రాయలేదు?" అన్నాడు ఎనాక్.

"ఫిలడెల్ఫియాలో పెద్దవాళ్ళు ఆలోచించి తీసేశారనుకున్నాను. నా ఇంగ్లీషు బాగుండదనో, నేను చిన్నవాణ్ణనో. తీసేసిన పేరును నా చేత్తో నేనెలా తిరిగి రాసుకుంటాను? సిగ్గేసింది. మడిచి వేసేశాను. అందరూ నా మొహం చూస్తూనే వేశారు. వాళ్ళకూ తెలుసుననుకున్నాను. వాళ్ళు ఒక్కరూ నాతో ఒక్క మాటా అనలేదు. నేనూ అడగలేదు."

"నేను అప్పుడే చెప్పి ఉంటే..."

"ఆఁ," అన్నాడు రైమర్. "అప్పుడే చెప్పి ఉంటే."

ఎనాక్ పుస్తకం మీదినుంచి చెయ్యి తీశాడు.

"రాసివ్వండి," అన్నాడు రైమర్. "నేను చెబితే ఓటిలియా నమ్మదు. నేను అందరినీ వెనకేసుకొస్తానని ఆవిడకు ముందే కోపం. మీ చేత్తో రాసి, మీ పేరు కింద పెట్టండి. చర్చి దగ్గర మా పాదిరీ చేత చదివిస్తాను."

ఎనాక్ బల్ల ముందు కూర్చున్నాడు. ఒక్క కాగితం తీసుకుని, ఏ నకలూ ఎదురుగా పెట్టుకోకుండా రాశాడు. ఏ ఆదివారం, ఎన్ని చీటీలు, ఎవరి పేరు, ఎవరి తప్పు అన్నీ రాశాడు. లోయవాళ్ళ తప్పు ఇసుమంతైనా లేదని రాశాడు. టాల్‌మన్ పేరు రాయలేదు. తన పేరు మాత్రం చట్టం కింద పెట్టినంత స్పష్టంగా పెట్టాడు.

రైమర్ దాన్ని రెండుసార్లు చదివాడు. ఆరేదాకా ఊది, మడిచి, లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఎనాక్ చెయ్యి చాచాడు. రైమర్ దాన్ని చూశాడు.

"ఈ రోజు వద్దండీ," అన్నాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ముందురోజు రైమర్ తన సంచిలోంచి తీసి కోసిపెట్టిన రొట్టె ముక్క కిటికీ అరుగు మీద అలాగే ఉంది.

తరవాత జరిగిందీ చెప్పేస్తాను. ఆ ఉత్తరం లోయలో చదివారు. అక్కడి మనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారట. పేరు లేదని అందరూ చూశారు. రైమరే వద్దన్నాడేమో, పెద్ద పదవికి ఎదిగిపోయి తమ ఓటు అక్కరలేదనుకున్నాడేమో అని వాళ్ళూ పదకొండేళ్ళు మూతి ముడుచుకుని ఉన్నారు. రోడ్డు వచ్చింది, కానీ నాలుగేళ్ళ తరవాత. టాల్‌మన్ అన్న మాట నిలబెట్టుకున్నాడు. కొత్త సభలో ఎనాక్ గది తాళంచెవి ఎవరి మేనల్లుడికో వెళ్ళింది. ఆ అబ్బాయికి ఎత్తు ప్రకారం పెట్టిన పుస్తకాల్లో ఒక్కటీ దొరక్క రోజూ ఎనాక్ ఇంటికి చీటీ పంపేవాడు. ఎనాక్ ఒక్కరోజూ విసుక్కోకుండా ఏ అల్మారా, ఏ వరస, ఎడమనుంచి ఎన్నోది అని రాసి పంపేవాడు. రెండేళ్ళు దస్తావేజులు రాసి, ఒక చలికాలం దగ్గుతో పోయాడు.

కానీ ఆ ఉత్తరం రాసిన మర్నాటి సంగతి చెప్పకుండా ఇది ఆపలేను. ఎనాక్ పొద్దున్నే తాళం తీయడానికి వెళ్ళాడు. రైమర్ రాడనే అనుకున్నాడు. నడవలో బెంచీ మీద రైమర్ ముందే వచ్చి కూర్చున్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"నిద్రపట్టలేదు," అన్నాడు. "మీ మీద కోపంతోనే అనుకున్నాను మొదట. తెల్లవారుజామున వేరే సంగతి మొదలైంది. రేవు దగ్గర ఇల్లున్న హెన్నర్, కమ్మరి ఫీట్, పక్క పొలం ముసలి స్టోఫెల్... ఒక్కొక్కరినీ తలుచుకున్నాను. వీళ్ళందరితో మాట్లాడాలి కదా, ఎక్కడ మొదలుపెట్టను అని."

ఎనాక్ తాళంచెవి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"స్టోఫెల్ పోయి మూడేళ్ళయింది," అన్నాడు రైమర్. "పోయేముందు నన్ను పిలిపించాడండీ. నేను వెళ్ళలేదు."

ఎనాక్ తలుపు తీశాడు. పొయ్యి రాజేశాడు. ఇద్దరూ దాని ముందు కూర్చున్నారు. ఆ పూట ఎవరూ పుస్తకం అడగలేదు. కాసేపటికి రైమర్ చెయ్యి చాచాడు. ఎనాక్ దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.